అరికాళ్లు చూసే డాక్టరమ్మ

నర్సింగమ్మ పిల్లి మూడు రోజులుగా పాలు ముట్టలేదు. అది మామూలు పిల్లి కాదు. నర్సింగమ్మ చెప్పేదాన్ని బట్టి, వయసులో ఉన్నప్పుడు అది గుమ్మంలో కూర్చుంటే చాలు, ఎలుకలు వాటంతటవే కలుగుల్లోంచి బయటికొచ్చి తప్పయిందని చెవులు పట్టుకునేవట. అంతటి పిల్లి ఇప్పుడు గంపలో ముడుచుకొని, దగ్గరికొచ్చిన ప్రతి చేతి మీదా బుసకొడుతుంటే ముసలామెకు ఏమీ తోచలేదు. గంప మీద పాత చీర బిగించి, ఆటో ఎక్కి, కోస్గి రోడ్డు మీది పశువుల దవాఖానకు తెచ్చింది.

ఆమె వెనక ఇంకా పదిమంది ఉన్నారు. గొర్రెలవాళ్లు, బర్రెలవాళ్లు, కోడిపుంజును చంకన పెట్టుకొని వచ్చిన పెద్దమనిషి ఒకడు. అందరిదీ ఒకటే గొణుగుడు: పిల్లికి ఇంతసేపా, ఓ సూది పొడిచి పంపరాదా అని.

డాక్టరు మల్లిక చెవిన ఆ మాటలు పడలేదో, పడినా లోపలికి పోనివ్వలేదో తెలియదు. గంప మూత తీసి, ముందు కాసేపు పిల్లిని ముట్టకుండా ఊరికే చూసింది. ఊపిరి ఎట్లా తీస్తున్నది, ఎటువైపు ఒరుగుతున్నది, ఏ కాలు దాచుకుంటున్నది. తర్వాత తువ్వాలలో చుట్టి ముఖం మాత్రం బయటికి ఉంచి, ఒక్కొక్క కాలే బయటికి తీసి అరికాలు చూసింది. మూడో కాలి దగ్గర ఆమె వేలు ఆగింది. ముసలితనంలో గోకడం మానేసిన పిల్లి. అరగని గోరు పెరిగి పెరిగి, కొడవలిలా వంకర తిరిగి, తన అరికాలిలోకే దిగబడి ఉంది.

గోరు కత్తిరించి చీము కడిగింది. అక్కడితో వదిలిందా అంటే వదల్లేదు. కనురెప్పలు దించి చూసింది. చెవులు మడిచి చూసింది. పెదవి ఎత్తి, చిగుళ్లను వేలితో నొక్కి, తెల్లబడిన చోటు మళ్లీ ఎర్రబడేదాకా కనిపెట్టింది. నోరు తెరిచి నాలుక కింద చూసింది, దవడ కింద తడిమింది, గుండె చప్పుడు విన్నది. రెండు అరచేతుల మధ్య పొట్టను పట్టుకొని, జొన్నపిండి కలిపేటప్పుడు ఉండలు వెతికినట్టు మెల్లగా ఒత్తి చూసింది. ఆఖరికి తోకను కూడా మొదలు నుంచి కొస దాకా వేళ్ల మధ్య జార్చి చూసింది.

దవాఖానలో ఇరవై ఐదేళ్లుగా అటెండరు పని చేస్తున్న పోచయ్యకు ఇది రోజూ చూసే తమాషా. వరుసలో ఉన్నవాళ్లకు పొద్దుపోవడం కోసం ఆయన ఒక కథ చెబుతుంటాడు.

"పుస్తకంల ముక్కు కాడికెళ్లి తోక దాక చూడాలని రాసుంటదట. మా మేడం కాళ్ల కాడ మొదలువెడ్తది. కుక్కైనా పిల్లైనా, ముందుగాల కాళ్లు మొక్కంది చెయ్యి వెయ్యదు. మొన్న ఒక వీధికుక్క గిట్లనే కాళ్లు మొక్కించుకొని, దీవించి పోయింది."

అందరూ నవ్వారు. మల్లిక కూడా నవ్వింది. ఎందుకమ్మా నీకీ అలవాటు అని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు. చదివేవాళ్లకు మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ కథ అంతా ఆ అరికాలిలోనే ఉంది.

తెలంగాణ రావడానికి పదేళ్ల ముందు మాట. కోస్గికి ఆరు మైళ్ల దూరంలో నల్లరాళ్లపల్లె అని ఊరు. ఆ ఊళ్లో రాళ్లు ఎక్కువా మనుషులు ఎక్కువా అని పందెం వేస్తే రాళ్లే గెలుస్తాయి. కొన్నిసార్లు మనసుల్లోని రాళ్లను కూడా లెక్కలో వేస్తారు కాబట్టి. అక్కడ అమరేందర్ పటేలు దగ్గర డానియల్ అనే జీతగాడు ఉండేవాడు. భార్య బిక్షమ్మ, పదకొండేళ్ల కూతురు మల్లిక. వానలు పడ్డాక పల్లిచేను చుట్టూ తుమ్మకంప నాటమన్నాడు పటేలు. డానియల్ కాళ్లకు చెప్పులు లేవు. ముల్లు దిగింది, పీకేశాడు, పనిలో పడ్డాడు. ముల్లు దిగడం కూడా ఒక జబ్బేనా కూలివానికి?

ఎనిమిది రోజులకు అతని దవడలు బిగుసుకున్నాయి. నోరు తెరుచుకోలేదు, చొంగ కారింది. నీళ్లు నోట్లో పోస్తే దిగలేదు. చిన్న చప్పుడుకు కూడా ఒళ్లు విల్లులా వంగిపోయేది. ఆ నెలలోనే ఊళ్లో పిచ్చికుక్క ఒకటి తిరిగిందని అందరికీ గుర్తు. పటేలు తన వాకిట్లోంచి, ఇరవై అడుగుల దూరం నుంచి చూసి, వీణ్ని పిచ్చికుక్క కరిచిందని తేల్చాడు. ఊళ్లో సూదులు వేసి తిరిగే డాక్టరును పిలిపిస్తే ఆయన గేటు దాటి రాలేదు. అక్కణ్ణించే తల ఊపాడు. అంతే, ఊరంతా తల ఊపింది.

డానియల్‌ను చేను గట్టున మోటరు గదిలో పెట్టి తాళం వేశారు. పొడుగు వెదురుకు చెంబు కట్టి కిటికీలోంచి నీళ్లు అందించారు. బిక్షమ్మ తలుపు మీద పడి ఏడిస్తే ఇద్దరు మనుషులు ఆమె రెట్టలు పట్టుకొని ఈడ్చారు. అప్పుడప్పుడూ లోపలి నుంచి దవడల మధ్య నలిగిన ఒక శబ్దం వచ్చేది. అది కూతురి పేరని బిక్షమ్మకు తెలుసు. ఊరివాళ్లు మాత్రం కుక్కలా మొరుగుతున్నాడని చెప్పుకున్నారు. మూడో రోజు ఆ శబ్దం కూడా ఆగింది.

శవాన్ని కడగడానికి ఒక్కరూ రాలేదు. తల్లీ కూతుళ్లే కడిగారు. కడుగుతుంటే ఎడమ అరికాలిలో నల్లబడిన పుండు కనిపించింది, దాన్ని ఒత్తితే చీముతో పాటు విరిగిన తుమ్మముల్లు ముక్క బయటికి వచ్చింది. బిక్షమ్మ ఆ ముల్లును అరచేతిలో పెట్టుకొని పటేలు వాకిట్లోకి పోయింది. పిచ్చి గాదు పటేలా, ముల్లు అన్నది. ఆయన దూరం నుంచే చూసి, ముల్లుకు మనిషి చస్తడా అని నవ్వి లోపలికి పోయాడు.

ఆ తర్వాత వాళ్ల గుడిసెకు 'పిచ్చోని ఇల్లు' అని పేరు పడింది. బావి దగ్గర బిందె పక్కన బిందె పెట్టనిచ్చేవాళ్లు లేరు, కూలికి పిలిచేవాళ్లు లేరు. బిక్షమ్మ బిడ్డను తీసుకొని షాద్‌నగర్ పోయింది, ఒక కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. మల్లిక హాస్టళ్లలో చదివింది. పశువైద్యంలో సీటు వచ్చాక, మొదటి ఏడాది సారు ధనుర్వాతం గురించి పాఠం చెప్పి, గాయం కోసం ముందు కాళ్లు వెతకండి అన్నాడు. క్లాసులో అరవై మంది ఆ మాట రాసుకున్నారు. మల్లిక రాసుకోలేదు. బయటికి పోయి పంపు కింద తల పెట్టి, చాలాసేపు అట్లాగే నిలబడింది.

ఉద్యోగం వచ్చాక, అందరూ పట్నం చుట్టుపక్కల కావాలని తిరుగుతుంటే ఆమె మాత్రం ఈ దవాఖాన కావాలని కోరి వచ్చింది. సేవ కోసం అనుకున్నారు జనం. ఆమె వచ్చింది పగ కోసం. పటేలు వాకిట్లో బర్రెలున్నాయి, ఎడ్లున్నాయి. ఏదో ఒకనాడు ఆయన ఈ గుమ్మం ఎక్కక తప్పదు. ఆనాడు తన తండ్రిని వాళ్లు ఎంత దూరం నుంచి చూశారో, వాళ్ల పశువును తానూ అంతే దూరం నుంచి చూడాలనుకుంది. వచ్చి మూడు నెలలు అయింది.

పిల్లి వచ్చిపోయిన మరుసటి వారం, మధ్యాహ్నం పూట, ట్రాక్టరు ఒకటి దడదడలాడుతూ వచ్చి ఆగింది. దాని ట్రాలీలో కోళ్ల బోను, బోనులో బొచ్చుకుక్క. ట్రాక్టరు కంటే ముందు వార్త వచ్చింది. నల్లరాళ్లపల్లెలో కుక్క కరిచింది ఒక్క మనిషిని. ఆ మాట కల్లు దుకాణం దాటేసరికి ఐదుగురయ్యారు. కోస్గి సంత చేరేసరికి పన్నెండుగురు మనుషులు, మూడు బర్రెలు, ఒక బస్సు టైరు. టైరుకు కూడా పిచ్చి లేచి బస్సు వెనక్కి పరుగెత్తిందని చెప్పినవాడు ఒట్టు కూడా పెట్టాడు.

కరిపించుకున్న ఆ ఒక్క మనిషీ ట్రాక్టరు దిగాడు. తెల్లబట్టలు, తెల్లమీసం, కుడిచేతికి చుట్టిన కండువా మీద నెత్తురు మరక. పద్దెనిమిదేళ్లలో కాస్త వంగాడు తప్ప, మల్లిక గుర్తు పట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆయన ఆమెను గుర్తు పట్టలేదు. జీతగాని బిడ్డ ముఖాన్ని ఆయన ఎప్పుడు చూశాడు కనుక.

"మేడం, ఇది పిచ్చిది. సూదేసి పడగొట్టున్రి. మా మనుషులు బొంద తీసి పెట్టిన్రు."

"పిచ్చిదని ఎవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పేదేముంది? చొంగ గారుతాంది. నీళ్లు మింగుతలేదు. గొంతు మారింది. గొలుసు ఏద్దామని మెడ పట్టుకుంటే చెయ్యి కొరికింది. దూరం నుంచి చూసినా తెలుస్తలేదా?"

దూరం నుంచి. ఆ మాట మల్లిక చెవిలో కాదు, ఇంకెక్కడో దిగింది. ఒక్క సూది చాలు. కుక్క పోతుంది, పిచ్చిదన్న మాట మిగులుతుంది, ఈ మనిషి బతికినన్నాళ్లూ ఆ మాట కింద వణుకుతాడు.

అయినా ఆమె నోటి నుంచి మొదట వచ్చింది పని మాటే. పోచయ్యను పిలిచి, పటేలు చేతిని పంపు కింద సబ్బుతో పావుగంట సేపు కడిగించమన్నది. కడిగిన వెంటనే పెద్ద దవాఖానకు పోవాలని, పుండు చుట్టూ వేసే సూది, తర్వాత వరుసగా వేసే టీకాలు ఒక్కటి కూడా మానొద్దని చీటీ రాసి ఇచ్చింది. కుక్కను చంపననీ, పది రోజులు తన దగ్గరే ఉంచి కనిపెడతాననీ చెప్పింది. కరిచిన కుక్క పది రోజులు బాగుంటే కరిచిన నాడు దాని చొంగలో విషం లేనట్టే.

"పది దినాలా? అందాక నా సంగతేంది?"

"మీ సంగతి కుక్క చెప్తది, పటేలా."

ఆయన ముఖంలో రంగు దిగిపోవడం మల్లిక కళ్లారా చూసింది. చెప్పొద్దూ, ఆమెకు హాయిగా ఉంది.

ఆ సాయంత్రమంతా ఆమె బోను ముందు కుర్చీ వేసుకొని కూర్చుంది. కుక్క పేరు టైగరట. చెవులు నిక్కపొడుచుకున్న పెద్దజాతి కుక్క, ఏడాది కూడా నిండలేదు. ముఖం ఉబ్బి ఉంది. చొంగ నిజమే, బొంగురు గొంతూ నిజమే. కాని వెనక కాళ్లు తడబడటం లేదు. పేరు పెట్టి పిలిస్తే తోక కదుపుతున్నది. నీళ్ల గిన్నె పెడితే పారిపోలేదు. ఆశగా మూతి పెట్టింది, నాలుకతో లాగింది, మింగబోయి కుయ్యిమని తల విదిల్చింది. నీళ్లంటే దానికి భయం లేదు. మింగితే నొప్పి.

మల్లిక చదువుకునే రోజుల్లోనే ముందుజాగ్రత్త టీకాలు వేయించుకుంది. అయినా రెండు జతల గ్లౌజులు, ముఖానికి అడ్డం పెట్టుకొని, పొడుగు కర్రకు కట్టిన సిరంజితో బోను సందులోంచి మత్తు ఇచ్చింది. పోచయ్య మూడు గజాల దూరంలో నిలబడి దండం పెట్టాడు, కుక్కకో దేవునికో. కుక్క ఒరిగాక బయటికి తీసి బల్ల మీద పడుకోబెట్టింది.

మొదట నాలుగు అరికాళ్లు. శుభ్రంగా ఉన్నాయి. తర్వాత కళ్లు, చెవులు. మెడ దగ్గరికి వచ్చేసరికి వాసన తగిలింది. పైనుంచి చూస్తే మంచి బొచ్చు, నిగనిగలాడుతున్నది. ఆమె వేళ్లను బొచ్చుకు ఎదురు తిప్పి చర్మం దాకా పోనిచ్చింది. దవడ వెనక ఒకచోట వేలు గాడిలో పడ్డట్టు పడింది. బొచ్చు కత్తిరించింది. మెడ చుట్టూ, ఎర్రటి పుండు లోపల, మాంసంలో మునిగిపోయి, నల్లటి తాడు.

కురుమూర్తి జాతరలో కొన్న దిష్టితాడు అది, గవ్వతో సహా. గుప్పెడంత కుక్కపిల్లగా ఇంటికి వచ్చిన రోజు పటేలు భార్య కృష్ణమ్మ ముద్దుగా కట్టి, మూడు ముళ్లు వేసింది. కుక్క నాలుగింతలు పెరిగింది. తాడు పెరగలేదు. బొచ్చు దాన్ని దాచింది, ఆ తర్వాత మాంసం దాచింది. రోజూ అన్నం పెట్టే ఇంట్లో, ఎనిమిది నెలల్లో ఒక్క చెయ్యి కూడా ఆ మెడను ప్రేమగా తడమలేదు. తడిమి ఉంటే ఏనాడో తెలిసేది. పటేలు గొలుసు వేయబోయి పట్టుకున్నది సరిగ్గా ఆ పుండునే.

మల్లిక తాడు తెంపి, గవ్వ తీసి, చీమునంతా కడిగి మందు వేసింది. మరునాటి పొద్దుటికి ఉబ్బు దిగింది. మధ్యాహ్నానికి టైగర్ గిన్నెడు నీళ్లు తాగి, ఖాళీ గిన్నెను మూతితో నెట్టుకుంటూ ఇంకా కావాలన్నది.

మల్లిక ఫోను చేతిలోకి తీసుకుంది. ఒక్క మాట చెబితే చాలు: పటేలా, పిచ్చి కాకపోవచ్చు, మెడలో తాడు దొరికింది, ధైర్యంగా ఉండండి అని. వేలు నంబరు మీదికి పోయింది. ఆగింది. పది రోజులు కనిపెట్టాలన్నది నిజమే కదా, తాను అబద్ధం ఏమీ చెప్పలేదు కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. సగం నిజం చేతిలో ఉన్నవాళ్లు ఎప్పుడూ చెప్పుకునే మాటే అది. ఫోను మళ్లీ సంచిలో వేసింది.

ఇక పోచయ్యకు పండగ. ఆయనది నల్లరాళ్లపల్లె పక్క ఊరే. రోజుకో ముచ్చట మోసుకొచ్చేవాడు. మొదటి రోజు, చాయ్ హోటలులో పటేలుకు కాగితం గిలాసలో చాయ్ ఇచ్చి, ఆ గిలాసను కట్టెతో నెట్టి తగలబెట్టారట. రెండో రోజు, కూలోళ్లు పనికి రావడం మానేశారట. మూడో రోజు, కృష్ణమ్మ పళ్లాన్ని చీపురుతో జరుపుతున్నదట. నాలుగో రోజుకు ముచ్చట బాగా బలిసింది: పటేలు నిద్రలో మొరుగుతున్నాడనీ, పౌర్ణమికి తోక మొలుస్తుందని ఎవరో పంచాంగం చూసి చెప్పారనీ.

మల్లిక పడిపడి నవ్వింది. ఆ నవ్వు విని పోచయ్యకే భయమేసింది.

పటేలు రోజూ పొద్దునే ఫోను చేసేవాడు. గొంతు రోజురోజుకూ సన్నబడింది.

"కుక్క ఎట్లుంది, మేడం?"

"బతికుంది. రేపు చేయున్రి."

అంతే. రోజూ అంతే. ఆ మూడు మాటలను ఆమె బెల్లం ముక్కలా చప్పరించేది. ఐదో రోజు పోచయ్య వచ్చి, ఈసారి కథేమీ కట్టకుండా, పటేలును చేను గట్టు మీది మోటరు గదికి పంపారని చెప్పాడు. ఇంట్లోవాళ్లే పంపారట. గడియ బయటి నుంచి వేశారట. ఆ మాట వినగానే మల్లిక షాద్‌నగర్‌కు ఫోను చేసి, అమ్మా, రేపు తొలి బస్సుకు రా, నీకొకటి చూపియ్యాలె అన్నది.

బిక్షమ్మ వచ్చింది. చేతులు ఫినాయిలు నీళ్లకు తెల్లగా పాలిపోయి, నడుము కొద్దిగా ఒరిగి, కళ్లు మాత్రం అట్లాగే ఉన్న మనిషి. మల్లిక అంతా చెప్పింది, తాడూ గవ్వా వేసి ఉంచిన సీసా చూపించింది, బోనులో గంతులు వేస్తున్న టైగర్‌ను చూపించింది. ఆఖరికి మోటరు గది మాట చెప్పి, తల్లి ముఖంలోకి చూసింది, బడిలో మొదటి బహుమతి తెచ్చిన పిల్లలాగా.

బిక్షమ్మ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది.

"తాడు ఎన్నడు దొరికింది?"

"మొదటి దినమే."

"ఆయనకు చెప్పినవా?"

"లేదు. పది దినాలు గానీ. మనం పద్దెనిమిదేండ్లు పడ్డం."

"మీ నాయిన గదికి తాళం ఏసినోళ్లను నేను ఇయాల్టికీ పేరు పేరున చెప్తా," అన్నది బిక్షమ్మ. "ఆళ్లకు తెల్వక ఏసిన్రు. నువ్వు తెలిసి ఏసినవ్, బిడ్డా."

మల్లిక ముఖం మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది. ఆమెకు కోపం వచ్చింది. వాణ్ని క్షమించమంటావా అని గట్టిగా అడిగింది.

"మాఫ్ చేయుమని నేనెప్పుడన్న? నా కడుపుల మంట నీ కన్న పెద్దది. గాని ఆయన భయం నాకేం జేసుకోను? నాలుగైదు దినాలల్ల కుక్క మంచిగున్నదంటే గడియ తీస్తరు, స్నానం జేస్తడు, మళ్ల పటేలే అయితడు. మనది మాత్రం పిచ్చోని ఇల్లే. నాకు ఆయన భయం వద్దు. ఆయన నోట్లెకెళ్లి మాట గావాలె. నలుగురి ముంగట. అది తీసుకురా. అది పగ."

ఆ మాటతో మల్లిక లేచింది. సీసా సంచిలో పెట్టుకుంది. పోచయ్య బండి తీశాడు, తల్లీ కూతుళ్లు వెనక ఎక్కారు.

నల్లరాళ్లపల్లెలో డాక్టరమ్మ వచ్చిందన్న వార్తకు ఊరంతా చేను గట్టుకు కదిలింది. కదిలింది కాని, మోటరు గదికి ఇరవై అడుగుల అవతలే ఆగింది. ఆ దూరం ఎవరూ కొలిచి గీయలేదు, కాళ్లకే తెలుసు. కృష్ణమ్మ అందరికంటే ముందు నిలబడి కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నది. మల్లిక ఆ ఇరవై అడుగులూ నడిచి గడియ తీసి లోపలికి పోయింది.

అమరేందర్ గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. గడ్డం పెరిగింది. తలుపు తెరుచుకోగానే ఆయనే ముందు అరిచాడు, దగ్గరికి రావద్దు మేడం అని. ఊరు ఆయనకు అంత బాగా నేర్పింది. మల్లిక ఆయన పక్కన నేల మీద కూర్చొని, కట్టు విప్పి, పుండు చూసి, మానుతున్నదన్నది. మణికట్టు పట్టుకొని నాడి చూసింది. రెప్ప దించి చూసింది. నోరు తెరిపించి చూసింది. ఆరు రోజులుగా సూది వేసే చెయ్యి తప్ప మనిషి చెయ్యి తగలని ఆ పెద్దమనిషి, ఆమె వేళ్లు మణికట్టు మీద పడగానే పసిపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆమె ఏడవనిచ్చింది. తర్వాత సీసా చూపించి, తాడు సంగతి చెప్పింది. కుక్క బాగా ఉందనీ, మిగిలిన రోజులు కూడా చూస్తాననీ, టీకాలు మాత్రం మానొద్దనీ చెప్పింది. ఈ మాట మొదటి రోజే తెలిసినా దాచానని కూడా చెప్పింది.

"ఎందుకు దాచినవమ్మా? నేను నీకేం జేసిన?"

"ఇదే గదిల మూడు దినాలు నా పేరు పిలుచుకుంట పోయిండు మా నాయిన. నేను డానియల్ బిడ్డను."

అమరేందర్ ఏడుపు ఆగిపోయింది. ఆయన చూపు తలుపు వైపు పోయింది. గుమ్మంలో బిక్షమ్మ నిలబడి ఉంది.

"బయటికి రా, పటేలా," అన్నదామె. "ఆనాడు నన్నడిగిన మాటకు ఊరి ముంగట జవాబు చెప్పు. ముల్లుకు మనిషి చస్తడా?"

ఆయన లేచి గుమ్మం దాటి వచ్చాడు. తలపాగా లేదు, చెప్పులు లేవు. ఇరవై అడుగుల అవతల ఊరు. ఆయన నేల చూస్తూ, డానియల్‌ను కుక్క కరవలేదు, ముల్లు గుచ్చుకొని ధనుర్వాతం వచ్చింది అన్నాడు.

"ఎనకోళ్లకు ఇనవడలే," అన్నది బిక్షమ్మ.

ఆయన గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. పోచయ్య ఊరుకోకుండా, కల్లు దుకాణం దాక పోవాలె పటేలా, జర గట్టిగ అన్నాడు. మూడోసారి చెప్పేటప్పుడు ఆయన లోపల ఏదో తెగింది. ఎవరూ అడగని మాట ఒకటి బయటపడింది.

"నాకు అప్పుడే తెలుసు. అంతకు ముందేడు నా ఎద్దుకు గూడ గిట్లనే దవడలు పట్టినయ్. పశువుల డాక్టరు వచ్చి గిట్ట లేపి చూసి మేకు తీసిండు. ఎద్దు బతికింది. డానియల్‌ను చూసినప్పుడు నాకు ఎద్దు యాదికొచ్చింది. కంప నాటించింది నేను, చెప్పులు కొనియ్యనిది నేను. నా మీదికి వస్తదని కుక్క మీద వెట్టిన."

ఆనాడు బిక్షమ్మ రెట్ట పట్టి ఈడ్చిన మనుషులలో ఒకడు అక్కడే ఉన్నాడు. వాడు మెల్లగా తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎద్దు గిట్టను డాక్టరుతో ఎత్తించిన మనిషి, డానియల్ కాలిని ఎత్తించలేదు. మల్లిక పద్దెనిమిదేళ్లు మోసిన కోపం కూడా ఈ నిజం ముందు చిన్నదైపోయింది.

అమరేందర్ బిక్షమ్మ కాళ్ల వైపు వంగబోయాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"కాళ్లు ముట్టకు. నేను మాఫ్ చేయనీకి రాలే. నా మొగని పేరు మీదికెళ్లి నీ అబద్ధం తీసుకపోనీకి వచ్చిన. తీసుకపోతున్న," అన్నది.

తర్వాత ఆమె ఊరి వైపు తిరిగింది. ఊడ్చి ఊడ్చి అరిగిన ఆ చెయ్యి ఎత్తి, ముందు కృష్ణమ్మను, తర్వాత వరుసగా అందరినీ చూపించింది.

"నా మొగణ్ని ఈ దూరం నుంచే చూసిన్రు. కుక్కను ఈ దూరం నుంచే చూసిన్రు. ఇయ్యాల మీ పటేలును గూడ ఈ దూరం నుంచే చూసిన్రు. మనిషైనా మూగజీవమైనా, చెయ్యి వెట్టి చూడకుండ మీరు వెట్టిన పేరు రోగం పేరు గాదు, నింద; గా నింద మోసినోళ్లు ఏనాడో ఒకనాడు దాన్ని తెచ్చి మీ వాకిట్లనే దించుతరు."